అన్యకృతపాత్రములకు ముద్దుపేళ్లు

ఒక కవి సృజించిన పాత్రమును వేఱొకరు గైకొని క్రొత్తకథ యల్లుట తెలుఁగువారికిఁ బరిచితమైన పనియే. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లోఁ బ్రదర్శింపఁబడి, 1897లో నచ్చుపడినది. అందలి గిరీశము ముళ్లపూడి వేంకటరమణగారి ‘గిరీశం లెక్చర్లు’లో మరల నోరు విప్పెను, మధురవాణి పురాణం సుబ్రహ్మణ్యశర్మగారి ‘మధురవాణి ఇంటర్వ్యూలు’లో మరల నవతరించెను. కాలము మాఱినది, మాటలాడు విషయము మాఱినది. పేళ్లు మాత్రము మాఱలేదు. గిరీశమును ‘గిరి’ యనియు, మధురవాణిని ‘మధు’ వనియు నా రచయితలు కుదించియుండినచో, పుస్తకము చేతఁబట్టినతోడనే పాతమిత్రుని గుర్తించు సంతోషము పాఠకునకు లేకపోయెడిది.

నేఁడు పెక్కురు యువరచయితలు తమకుఁ బ్రియమైన నవలలలోని, చలనచిత్రములలోని పాత్రములతోఁ దామే కథలు వ్రాయుచున్నారు. వీనిని ఫ్యాన్ ఫిక్షన్ అందురు, అభిమానికథలనినఁ జాలును. ఈ కథలపై వినవచ్చు ఫిర్యాదులలో నొకటి మిక్కిలి చిన్నదిగాఁ గనఁబడును. మూలగ్రంథమున నెవ్వరును బిలువని ముద్దుపేరును రచయిత పాత్రమునకుఁ దగిలించుననుటయే యా ఫిర్యాదు. రౌలింగుగారి హ్యారీ పాటర్ నవలలలోని హర్మయనీ యభిమానికథలలో ‘మయనీ’ యగును. అచ్చట చదువరి టక్కున నాగిపోవును. ఇంతమాత్రమునకే చిరాకేలయని రచయితలు నొచ్చుకొనుటయుఁ గలదు. కాని యీ చిరాకునకుఁ బ్రబలమైన కారణమున్నది. అది మన వైయాకరణులకును గవులకును బూర్వమే తెలిసినది.

పాణిని యష్టాధ్యాయి యైదవ యధ్యాయము మూఁడవపాదమున ముద్దుపేళ్లకే సూత్రములు గలవు. రెండచ్చులకు మించిన మనుష్యనామమున రెండవ యచ్చునకుఁ బైభాగము లోపించి ప్రత్యయము చేరును: దేవదత్తుఁడు దేవికుఁడు, దేవియుఁడు, దేవిలుఁడు అగును. ఈ కుదింపునకుఁ జెప్పఁబడిన యర్థము అనుకంప. అనఁగా జాలియో వాత్సల్యమో గలవాఁడు పలికినప్పుడే దేవదత్తుఁడు దేవికుఁ డగును. అప్పులవాఁడు వాకిట నిలిచి పిలిచినచో నాతఁడు దేవదత్తుఁడే. ముద్దుపేరు శబ్దరూపము మాత్రమే కాదు, ఇరువుర నడుమ నున్న సంబంధమునకు సాక్ష్యము. అభిమానికథలలోఁ దఱచుగా జరుగు పొరపాటిదియే. ప్రేయసి నోట నుండవలసిన పేరును గథకుఁడే ‘మయనీ తలుపు తెఱచెను’ అని వాడును. కథకునకాపె యేమగును?

భీమసేనుని భీముఁడనుటయు సత్యభామను సత్య యనుటయు వేఱు. అవి పేరులో నొకభాగముచేఁ బేరంతయు గ్రహించు వ్యవహారసౌకర్యములు. హైదరాబాదున మధురానగరునకుఁ బొరుగున నున్న సంజీవరెడ్డినగరును జనులు ఎస్సార్ నగర్ అందురు. పదివేల నోళ్ల నరిగి యేర్పడిన యా పేరు నాక్షేపించువారు లేరు. మధురానగరును ‘మధూ’ యని యొక్కఁడు దనకుఁ దానే కుదించి చెప్పినచో నాటోవాఁడు గూడ నెక్కడికని యడుగును.

పేరునకుఁ గారణము, పెట్టినవాఁడు, రెండును గావలెనను నియమము విరాటపర్వమునఁ గథలోనే కనఁబడుచున్నది. బృహన్నలయే యర్జునుఁడనిన నుత్తరుఁడు నమ్మక, అర్జునుని పదిపేళ్లును జెప్పుమనెను. అర్జునుఁడు పేళ్లు చెప్పి యూరకుండలేదు. ప్రతిదానికిని హేతువు చెప్పెను. ధనము గెలిచితెచ్చుటచే ధనంజయుఁడు, ఇంద్రుఁడిచ్చిన కిరీటముచేఁ గిరీటి, యుద్ధమున జుగుప్సితకార్యము చేయమిచే బీభత్సుఁడు. కడపటిదగు కృష్ణనామము తండ్రి బాలునిపై మక్కువతోఁ బెట్టినది. పదింటిలో నిదియొక్కటియే యచ్చమైన ముద్దుపేరు. అదియును బెట్టినవాఁడెవ్వఁడో తెలిసినది గనుకనే యుత్తరునకుఁ బ్రమాణమైనది.

ఆ పర్వముననే దీనికంటెను గంభీరమైన ఘట్టము గలదు. అజ్ఞాతవాసమునఁ బాండవులు తమలోఁదాము జయుఁడు, జయంతుఁడు, విజయుఁడు, జయత్సేనుఁడు, జయద్బలుఁడు అని రహస్యనామములు పెట్టుకొనిరి. కీచకుఁడు చచ్చిన పిమ్మట నుపకీచకులు ద్రౌపదిని బంధించి శ్మశానమునకుఁ గొనిపోవుచుండ, ఆమె యీ పేళ్లతోఁ జీరి రోదించెను. వీథినున్నవారికవి యెవ్వరి పేళ్లో తెలియదు. వంటశాలలోని భీమునకుఁ దెలియును. ఒక స్త్రీప్రాణము నిలిచినది కల్పితనామములచేతనే. కల్పితమైనంతమాత్రమునఁ బేరు తప్పుగాదు. దానిని బుట్టించిన యవసరము కథలో నుండవలెను.

తెలుఁగుకవులు మాత్రము పేళ్లను మార్చలేదా యనవచ్చును. మార్చిరి. భారతమునఁ గిరీటి ‘క్రీడి’ యయ్యెను, బీభత్సుఁడు ‘వివ్వచ్చుఁ’ డయ్యెను. భీమునకు ‘వడముడి’ యను పేరు గలదు. తొలిరెండును దెలుఁగునాలుక సహజముగా నరగఁదీసిన తద్భవములు. క్రీడి యనినను నర్జునుని తలపైఁ గిరీటము చెక్కుచెదరలేదు. అట్లే భద్రాచలరామదాసు నోట సీతాదేవి సీతమ్మ యైనది, రాముఁడు రామయ్య యైనాఁడు. ఇచ్చట మూలనామము కుదింపఁబడలేదు, చుట్టఱికము చేర్పఁబడినది. తెలుఁగువాఁడు ముద్దు చేయఁదలఁచినచో అన్న, అయ్య, అక్క, అమ్మ యని పేరు పెంచును; లేదా తొలియక్షరమును నిలిపి, తరువాతి హల్లును ద్విత్వముచేసి, యచ్చుతో ముగించును: కృష్ణుఁడు కిట్టు, లక్ష్మి లచ్చి, సత్యము సత్తి. పేరునకుఁ దల కోసి ‘మయనీ’ యనుటయు, తోఁక కోసి యర్జునుని ‘అర్జ్’ అని హలంతముగా నిలుపుటయుఁ దెలుఁగుచెవికి రెండువిధముల బాధ. అట్టి పేరు ద్రౌపది నోటఁ బెట్టినచో బాధ మూఁడవది యగును. భార్య భర్తపేరు పలుకుటకే సంకోచించు సంప్రదాయమిది. సిద్ధేంద్రయోగి భామాకలాపమున మాధవి మగనిపేరు చెప్పుమని నిలఁదీయఁగా సత్యభామ పడు సిగ్గును, చూపు సంజ్ఞలును గూచిపూడి ప్రేక్షకులు తరతరములుగా నానందించుచున్నారు. ఆ రంగమందలి రసమంతయుఁ బలుకని పేరునందే యున్నది. ‘కిట్టూ’ యని యామె యొక్కమాట పిలిచినచో మాధవికిఁ బని లేదు, భాగవతులకు నాట లేదు.

పేరులేనివారికిఁ బేరు పెట్టుట యీ దోషమునఁ జేరదు. 1957లో వెలువడిన మాయాబజార్ చిత్రమునకుఁ బింగళి నాగేంద్రరావుగారు రచన చేసిరి. అందలి చినమయ, లంబు, జంబు వ్యాసునకుఁ దెలియనివారు, శశిరేఖయు నట్టిదే. ఆమెయే తమిళరూపమున వత్సల. పోల్చుకొనవలసిన పాతముఖము లేనందున నెవ్వరికిని గినుక గలుగలేదు.

మూలకర్తయే చిరాకు పుట్టింపఁగోరినచో నది వేఱుమాట. రౌలింగుగారు 2005లోఁ బ్రకటించిన హాఫ్‌బ్లడ్ ప్రిన్స్ అను నవలలో లావెండర్ అను బాలిక రాన్‌ను ‘వన్ వన్’ అని పిలుచును. ఆ పేరు విని తోడివారు పరిహసింతురు, రాన్ సిగ్గుపడును. పాఠకుని యరుచి నక్కడ పాత్రములే ముందుగాఁ బ్రకటించినవి; కావున నది దోషముగాక హాస్యమైనది. అభిమానికథలో ‘మయనీ’ విని యెవ్వరును గనుబొమ యెత్తరు. కథలోనివారందఱు నా పేరును బుట్టుకనుండి యెఱిఁగినట్లే ప్రవర్తింతురు. ఒంటరివాఁడగువాఁడు చదువరియే.

ఇందులకుఁ బ్రతిగా మనయింటనే యొక యుదాహరణము గలదు. మలయాళమందలి కరుతముత్తునకుఁ దెలుఁగురూపమైన కార్తీకదీపము 2017 మొదలు 2023 వఱకు బుల్లితెరపై నడచెను. వండి బ్రతుకు దీపను అందు వంటలక్క యనిరి. ఆమె భర్తయగు కార్తీకుని డాక్టర్ బాబు అని పిలిచెను. మగనిపేరు పలుకని యిల్లాలి మర్యాదయు, ఆ దంపతుల నడుమ నున్న దూరమును ‘డాక్టర్ బాబు’ అను పిలుపునందే యిమిడియున్నవి. వంటలక్క యను పేరిలోఁ బనియున్నది, చుట్టఱికమున్నది, అచ్చుతో ముగియు తెలుఁగుదనమున్నది. దీప యను పేరు మఱచినవారు గూడ నా పేరు మఱవలేదు. ఆ పాత్రము ధరించిన ప్రేమి విశ్వనాథ్‌గారిని సైతము జనులు వంటలక్క యనియే పిలిచిరి.