చేతిపెట్టె గ్రామఫోనును ఇంట బాగుచేసికొనుట

కాజీపేటలోని పాత రైల్వే కుటుంబముల యిండ్లలో అటకలమీద మూలబడిన వస్తువులు పెక్కు గలవు. 1929వ సంవత్సరమున బల్లార్షా మార్గము పూర్తియై, మన ఊరు ఢిల్లీ మదరాసు దారిలో ముఖ్యమైన కూడలి స్టేషనయ్యెను. కొలువు నిమిత్తమై వచ్చినవారు వెంట తెచ్చుకొన్నవియు, ఇచ్చట కొన్నవియు ఆ వస్తువులలో నున్నవి. మా యింటి అటకమీద నుండినది చేతిపెట్టె గ్రామఫోను. మా తాతగారు రైల్వేలో పనిచేయు కాలమున కొన్నది. గత వేసవిలో ఇల్లు సర్దుచు, దానిని పాత సామానులవానికి ఇచ్చివేయ నిశ్చయించితిమి. అప్పుడు మా నాయనమ్మగారు, "అమ్ముకొనుడు, కాదనను. కాని యొక్కమారు పలికించి ఆ తరువాత అమ్ముడు" అనిరి. ఆ మాటచే మేము అన్నదమ్ములమిరువురము దానిని విప్పవలసి వచ్చెను. విప్పి నేర్చుకొన్నది తోడి విద్యార్థులకు ఉపయోగపడునని యిచట వ్రాయుచున్నాము.

ముందుగా ఈ యంత్రము పుట్టుక కొంత తెలియవలయును. 1877లో ఎడిసన్ అను నమెరికా దేశీయుడు తగరపు రేకు చుట్టిన స్తంభముపై మానవ కంఠమును నిలిపి మరల పలికించెను. 1887లో బెర్లినర్ అనువాడు స్తంభమునకు మారుగా చదునైన బిళ్ళను వాడు గ్రామఫోనును కనిపెట్టెను. గ్రామఫోను కంపెనీవారు 1902లో కలకత్తాలో మన గాయకుల పాటలను రికార్డు చేయ నారంభించి, 1908లో అచ్చటనే సియాల్దాయందు కర్మాగారమును స్థాపించిరి. స్థానం నరసింహారావుగారివంటి రంగస్థల నటుల పాటలు ఈ రికార్డులమీదనే, నాటకమును చూడనోచుకొనని పల్లెలకును చేరెను. నాటి రికార్డులకు ముఖ్యద్రవ్యము మన అడవులలో దొరకు లక్క. దానిలో రాతిపొడిని, నల్లని మసిని కలిపి వేడిమిచే అచ్చువేయుదురు. రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పది అంగుళముల రికార్డు ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషములు మాత్రమే పాడును.

చేతిపెట్టెకు విద్యుచ్ఛక్తితో పనిలేదు. మూతవేసి పిడి పట్టుకొని ఎచటికైన కొనిపోవచ్చును. ఇందు మూడు భాగములు గలవు. మొదటిది స్ప్రింగు మోటారు. ఇనుప డబ్బీలో చుట్టబడిన ఉక్కుపట్టీ, మనము కీ యిచ్చునపుడు బిగిసి, విప్పుకొనుచు పండ్లచక్రములద్వారా రికార్డు పళ్ళెమును త్రిప్పును. రెండవది సౌండుబాక్సు. రికార్డు గాడిలో నడచు సూది అటునిటు కదలగా, ఆ కదలిక చిన్న మీటద్వారా పలుచని అభ్రకపు బిళ్ళను వణికించును. కొన్నిటిలో అభ్రకమునకు మారుగా అల్యూమినియపు బిళ్ళ యుండును. ఆ వణకే శబ్దము. మూడవది బూర. పెట్టెలోపల మడచియుంచబడిన యీ గొట్టము ఆ శబ్దమును పెద్దచేయును.

స్ప్రింగు బిగువుగా నున్నపుడు వేగముగను, వదులైనపుడు మెల్లగను పళ్ళెము తిరుగవలసినది గదా, పాట సమముగా ఎట్లు వచ్చును? దీనికి గవర్నరు అను పరికరము గలదు. ఒక ఇరుసుచుట్టు పలుచని ఉక్కుపట్టీలమీద మూడు చిన్న గుండ్లుండును. జాతరలో రంగులరాట్నము వేగముగా తిరిగినకొలది గొలుసులకు వ్రేలాడు కుర్చీలు వెలికి పోవుట చూచియున్నాము. అటులనే వేగము హెచ్చగా ఈ గుండ్లు వెలికి పోయి, ఒక చిన్న చక్రమును ఉన్నిదిమ్మెకు ఒరయునట్లు లాగును. ఆ యొరపిడిచే వేగము తగ్గును. తగ్గగానే గుండ్లు మరల దగ్గరపడును.

మా పెట్టెకు రెండు జబ్బులు కనబడెను. కీ యిచ్చినను పళ్ళెము పది చుట్లు తిరిగి ఆగుచుండెను, నడుమ నడుమ డబ్బీలో దబ్బుమను చప్పుడు వచ్చుచుండెను. సూది పెట్టగా పాటకు బదులు తుమ్మెద రొదవంటి గరగర వినబడుచుండెను. మేము స్ప్రింగు విరిగినదని తలచితిమి. విరిగినచో కీ బిగియక యూరక తిరుగును. మాది బిగియుచునే యుండెను. ఏండ్ల తరబడి కదలిక లేక లోపలి జిడ్డు బంకవలె గట్టిపడెను. దానిచే పట్టీ చుట్లు ఒకదాని కొకటి అంటుకొని, ఒక్కసారిగా విడివడునపుడు ఆ చప్పుడు కలుగుచుండెను.

ఇక విప్పు పని. ఇందు మేము చేయబోయిన తప్పును దాచక చెప్పుచున్నాము. పళ్ళెము ఆగినది గనుక స్ప్రింగులో బలము లేదని తలచి, గవర్నరు మరను విప్పుటకు తిరుగులి నానించితిమి. ఎదురింటి బాబాయిగారు లోకోషెడ్డులో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి గొన్నవారు. వారది చూచి మా చేయి పట్టుకొని, "యంత్రము ఆగినంతమాత్రమున బలము పోయినదని నమ్మవద్దు. మొదట బలము దింపి, తరువాత మర విప్పుడు" అనిరి. జిడ్డు పట్టుకొన్న యంత్రము స్ప్రింగులో బలముండగనే ఆగును. ఆ స్థితిలో గవర్నరును తీసినచో చక్రములు అడ్డులేక పరుగెత్తి వ్రేళ్ళను నలిపివేయును. వారు చెప్పినట్లు బ్రేకు వదలి, పళ్ళెమును చేతితో నెమ్మదిగా త్రిప్పుచు పోగా, ఇంకను నలుబది చుట్లకు పైగా బలము దిగెను. అప్పుడుగాని మా చేతులకు ఎంత గండము తప్పినదో తెలియలేదు.

తరువాత పని క్రమముగా సాగెను. పళ్ళెమును నిలువుగా పైకెత్తి తీసితిమి. మోటారు పలకకున్న మరలను విప్పి, దాని నంతటిని తలక్రిందుగా పాత దుప్పటిపై నుంచితిమి. విప్పిన ప్రతి మరను, అది యుండిన చోటు గీసిన కాగితముపై అచ్చటనే పెట్టితిమి. అయినను గవర్నరు గుండు మర యొకటి జారి షాబాదు బండల సందున పడెను. గుడ్డ చుట్టిన అయస్కాంతముతో వెదకగా గంటకు దొరకెను. ఆ మరలేక గుండ్లు సరితూగవు.

చక్రములను, ఇరుసులను కిరోసినులో ముంచిన చిన్న కుంచెతో కడిగి, గుడ్డతో తుడిచి యారనిచ్చితిమి. కిరోసిను వాడుచోట దీపము గాని పొయ్యి గాని యుండరాదు. ఆరిన పిదప గవర్నరు ఇరుసు కొనలకు కుట్టుమిషను నూనె ఒక్కొక్క చుక్కయు, పండ్లచక్రములకు పలుచగా గ్రీజును, ఉన్నిదిమ్మెకు ఒక చుక్క నూనెయు నిచ్చితిమి. నూనె యధికమైనచో దుమ్ము చేరి మరల బంకయగును.

స్ప్రింగు డబ్బీని మాత్రము మేము తెరువలేదు, మీరును తెరువరాదు. బలము దిగిన తరువాత కూడ లోపలి ఉక్కుపట్టీ డబ్బీగోడలకు అదిమిపెట్టుకొనియే యుండును. మూత తీసినచో కత్తివలె వెలికి ఎగిరి ముఖమునకు తగులవచ్చును. బాబాయిగారు దళసరి తోలు చేతితొడుగులు ధరించి, మమ్ము దూరముగా నిలువుమని చెప్పి, దానిని కొంచెము కొంచెముగా వెలికి తీసి, కడిగి, గ్రాఫైటు గ్రీజు పూసి మరల చుట్టిరి.

సౌండుబాక్సు గరగరకు కారణము వేరు. అభ్రకపు బిళ్ళను ఇరువైపుల పట్టియుంచు రబ్బరు చుట్లు ఎండి గాజువలె గట్టిపడెను. మెత్తని చుట్లమధ్య స్వేచ్ఛగా కదలవలసిన బిళ్ళ, గట్టి అంచులకు తగులుటచే ఆ రొద పుట్టుచుండెను. వెనుక మూత మరలు విప్పి, పాత రబ్బరును గోరితో గీకి తీసి, సైకిలు వాల్వు గొట్టమును కొలతకు కోసి ఇరువైపుల నమర్చితిమి. అభ్రకము పొరలుగా చీలును గనుక దానిని అంచులనే పట్టుకొనవలయును.

కొత్త సూది బిగించి, నాయనమ్మగారిని పిలిచి, తాతగారికి ప్రియమైన నాటకపద్యముల రికార్డును పెట్టితిమి. పాట స్పష్టముగా వచ్చెను. మేము సంతసించుచుండగా నాయనమ్మగారు తలయూచి, "ఇది వేగముగా పోవుచున్నది. ఆయన గొంతు ఇంత సన్నము గాదు" అనిరి. రికార్డు అంచున చిన్న కాగితము నుంచి లెక్కింపగా, అర నిమిషమునకు 39 చుట్లుండవలసినది 41 తిరుగుచుండెను. అనగా నిమిషమునకు 82. వేగపు మీటను కొంచెము జరిపి సరిచేసితిమి. ఏ కొలమానమును పట్టని చెవి యేండ్లనాటి స్వరమును మరువలేదు. మరల పెట్టగా ఆమె మారు మాటాడక, పాట ముగియువరకు కన్నులు మూసికొని వినిరి.

ఇట్టి పెట్టెలున్నవారు రెండు సంగతులు మరువరాదు. ఇనుప సూది ఒక ప్రక్క పాడగానే అరగును, కావున ప్రతి ప్రక్కకు కొత్తది వేయవలయును. అరిగిన సూది గాడిని కోసివేయును. తరువాతి కాలపు 33, 45 చుట్ల ప్లాస్టికు రికార్డులను దీనిపై నుంచినచో ఒక్కమారే పాడగును.

ఇంతకు మా పెట్టెలో విరిగినదేదియు లేదు. జిడ్డు ఎండెను, రబ్బరు ఎండెను, అంతియే. మేము దానిని చెడినదని పాతసామానులకు వేయబోతిమి. పెట్టె నేడు మా ముందుగదిలో నున్నది. అమ్ముమాట మరల నెవరును ఎత్తలేదు.