నల్లద్దాలు - రాత్రి చూపు

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

ఎండాకాలంలో నల్ల ఫిల్ము అంటించిన కారు ఎక్కినవాడికి దాని సుఖం వేరే చెప్పనక్కరలేదు. లోపల చల్లగా ఉంటుంది. బయటివాళ్ళకు మనం కనపడం. చూడడానికి దర్జా కూడాను. ఆ సుఖాన్ని నేను కాదనను. కాని అదే అద్దం పొద్దుగూకిన తరువాత ఏం చేస్తుందో చాలామంది ఆలోచించరు. సైన్సు చదువుతున్న వాళ్ళం గనుక ఒకసారి లెక్క వేసి చూద్దాం.

ముందు అద్దం సంగతి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ప్రకారం ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుగును లోపలికి పోనివ్వాలి. ఇక్కడొక కిటుకు ఉంది. అద్దమూ ఫిల్మూ కలిసినపుడు వాటి శాతాలను గుణించాలి. 75 శాతం అద్దానికి 50 శాతం ఫిల్ము వేస్తే లోపలికి వచ్చేది 37.5 శాతమే. "సగం ఫిల్మే కదా" అనుకున్నవాడు అరవై శాతం పైగా వెలుగు పోగొట్టుకున్నాడన్నమాట.

మరి పగలు ఆ తేడా ఎందుకు తెలియదు? మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్సులు ఉంటుంది. అందులో సగం పోయినా కంటికి మిగిలేది బోలెడు. పౌర్ణమి వెన్నెల అర లక్సు కూడా ఉండదు. ఉన్నదే పిడికెడు అయినపుడు సగం పోతే ఏం మిగులుతుంది?

మన రెటీనాలో రెండు రకాల కణాలున్నాయి. శంకువులు సుమారు 60 లక్షలు. ఇవి రంగులను, సన్నని వివరాలను పట్టుకుంటాయి గాని వీటికి మంచి వెలుగు కావాలి. దండాలు సుమారు 12 కోట్లు. ఇవి మసక వెలుగులో పనిచేస్తాయి. వీటిలోని రొడాప్సిన్ అనే పదార్థానికి విటమిన్ 'ఎ' అవసరం. అది లోపిస్తే వచ్చేదే రేచీకటి. వెలుగులోంచి చీకట్లోకి వచ్చాక దండాలు పూర్తిగా తేరుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎదురు లైట్లు వస్తూనే ఉండే రోడ్డు మీద అంత వ్యవధి ఎవరిస్తారు?

"ఫిల్ము వేస్తే ఎదుటి లైట్ల మిరుమిట్లు తగ్గుతాయి గదా" అని కొందరంటారు. తగ్గుతాయి, నిజమే. కాని ఫిల్ము ఎదుటి లైటును ఎంత తగ్గిస్తుందో, రోడ్డు మీద మనిషిని కూడా అంతే తగ్గిస్తుంది. రెంటి నిష్పత్తి మారదు. పైగా వెలుగు తగ్గేకొద్దీ వస్తువును దాని వెనుక చీకటినుంచి వేరుచేసే శక్తి కంటికి తగ్గిపోతుంది.

ఇప్పుడు లెక్క. ముదురు రంగు బట్టలు కట్టుకున్న మనిషి ఒక కారు లైట్లలో 60 మీటర్ల దూరంలో కనబడతాడనుకుందాం. కారు వేగం గంటకు 60 కిలోమీటర్లు, అనగా సెకనుకు 16.7 మీటర్లు. చూసి బ్రేకు తొక్కేలోపల ఒకటిన్నర సెకను, అంటే 25 మీటర్లు పోతాయి. బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంకో 28 మీటర్లు. మొత్తం 53. మనిషి బతికాడు.

అదే ముందు అద్దానికి సగం వెలుగు ఆపే ఫిల్ము ఉంటే? హెడ్‌లైటు వెలుగు దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. కాబట్టి పోయిన సగాన్ని పూడ్చుకోవాలంటే 60 మీటర్లను రెండు యొక్క వర్గమూలంతో భాగించినంత దగ్గరకు రావాలి. వచ్చేది 42 మీటర్లు. అందులో 25 ఆలోచనకే పోయాయి. మిగిలిన 17 మీటర్లలో కారు ఆగదు. గుద్దేటప్పటికి వేగం ఇంకా సుమారు 37 కిలోమీటర్లు! ఇది కాగితం మీది ఉజ్జాయింపు లెక్కే గాని దారి ఎటు పోతున్నదో చెబుతుంది.

పక్క అద్దాలకైతే ఫరవాలేదనుకోకండి. మలుపు తిరిగేటపుడు పక్కకు హెడ్‌లైటు వెలుగే పడదు. పక్కనున్న అద్దంలో వెనుక బండి చూడాలన్నా కిటికీ అద్దంలోంచే చూడాలి.

నేను రైతు బిడ్డను. రాత్రి పూట కరెంటు వచ్చిందని మోటారు వేయడానికి రోడ్డు దాటి పొలానికి పోయేది మావాళ్ళే. కోతలప్పుడు కళ్ళం చాలక ధాన్యం రోడ్డు వార ఆరబోసి, అక్కడే కావలి పడుకునేదీ మావాళ్ళే. అలా ఆరబోయడం మంచిదని నేననను. ఎడ్లబండికి లైటుండదు, గేదెకు అసలే ఉండదు. ఫిల్ము వేయించుకున్నవాడు నీడ కొనుక్కుంటే, దాని ఖరీదు చెల్లించేది ఈ చీకట్లో నడిచేవాళ్ళు.

2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అసలు ఫిల్ములే అంటించరాదని తీర్పు చెప్పింది. తరువాత నిబంధన సవరించారు. ఆ శాతాలకు లోబడిన ఫిల్ము వాడవచ్చునని 2024లో కేరళ హైకోర్టు అన్నది. ఏది ఏమైనా 70, 50 అనే అంకెలు మాత్రం మారలేదు.

ఇక చల్లదనం మాటేమిటి? ఎండలోని శక్తిలో దాదాపు సగం కంటికి కనబడని పరారుణ కిరణాలదే. వాటిని ఆపి, కనబడే వెలుగును పోనిచ్చే అద్దాలు, ఫిల్ములు ఉన్నాయి. చల్లదనానికి నలుపే అక్కరలేదు. రేపు ఉద్యోగాలు వచ్చి కార్లు కొనే మిత్రులు షాపువాడిని రంగు అడిగే ముందు శాతం ఎంతో అడగండి. ఆ శాతాన్ని అద్దం శాతంతో గుణించి చూసుకోండి. అంతపాటి గుణకారం మనకందరికీ వచ్చు.