మీకు తెలుసా? సొంత కథే సీరియల్ అయింది
ఆస్ట్రేలియా హాస్యనటుడు జోష్ థామస్ 2005లో, 17 ఏళ్లకే, మెల్‌బోర్న్ కామెడీ ఉత్సవంలో కొత్తవాళ్లకు పెట్టే పోటీ గెలిచాడు. తర్వాత ‘ప్లీజ్ లైక్ మీ’ అంటూ వేదిక మీద చెప్పిన సొంత కబుర్లే 2013లో అదే పేరుతో టీవీ కామెడీ అయ్యాయి. హీరో పేరూ జోషే. థామస్ పెంపుడు కుక్క జాన్ కూడా అందులో నటించింది!

మొదటి ఎపిసోడ్‌లోనే ప్రియురాలు విడిపోతూ, నువ్వు గే అని జోష్‌కి తేల్చి చెప్పేస్తుంది. అయితే కథకు అసలు గుండె అతని తల్లి. ఆమె ఆత్మహత్యకు ప్రయత్నిస్తే, కొడుకు వెళ్లి తోడుగా ఉంటాడు. థామస్ ఇంట్లో జరిగినదాని నుంచే ఈ భాగం పుట్టింది. మానసిక అనారోగ్యాన్ని ఇంత దయగా, నవ్వు వదలకుండా చూపిన సీరియళ్లు అరుదు. 2016 వరకు నాలుగు సీజన్లు వచ్చాయి.