ఎవరి కోసం రాసిన పుస్తకం?

పరీక్షలు ముగిసే నాటికి చిత్తూరులోని మా ఇంట్లో ఏటా ఒకే చర్చ. ఈ వేసవిలో పిల్లలను ఏ థీమ్ పార్కుకు తీసుకువెళ్లాలి? మూడేళ్ల క్రితం ఆ చర్చను బస్టాండులో కొన్న ఒక గైడు పుస్తకం తేల్చివేసింది. నిగనిగలాడే అట్ట, పుట పుటకూ రంగుల బొమ్మలు, చిన్నాపెద్దా అందరికీ వినోదమేనన్న హామీ. ఏడాది పొడవునా కూడబెట్టిన సొమ్ముతో, మోకాళ్ల నొప్పులున్న అమ్మీని కూడా వెంటబెట్టుకుని, పొరుగు రాష్ట్రంలోని ఒక పార్కుకు ఆరుగురం బయలుదేరాము.

అక్కడ మా చిన్నవాడు వరుసలో ముప్పావు గంట నిలబడిన తరువాత సిబ్బంది వాడిని కొలత కర్ర పక్కన నిలబెట్టి, ఎత్తు చాలదని వెనక్కు పంపారు. "అబ్బా, పుస్తకంలో అందరూ ఎక్కవచ్చని ఉంది కదా!" అని వాడు అడిగితే మా వద్ద జవాబు లేకపోయింది. నీటి ఆటల వద్ద నైలాను దుస్తులు తప్పనిసరి అన్నారు. మా ఆడపిల్లలిద్దరూ తమ బట్టలతో గట్టునే ఉండిపోయారు. అమ్మీ సాయంత్రం దాకా ఒకే బల్ల మీద కూర్చుని మా సంచులకు కాపలా కాసింది. తిరుగు ప్రయాణంలో ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే మమ్మల్ని ఎక్కువగా బాధించింది.

తప్పు పార్కుది కాదు. ఎత్తు నిబంధన ప్రాణరక్షణ కోసమే. తప్పు ఆ పుస్తకానిది, దానిని చదవకుండా బొమ్మలు చూసి కొన్న మాది. అప్పటినుండి గైడు పుస్తకాన్ని ఎన్నుకోవడం మా ఇంట్లో చిన్నపాటి విచారణగా మారింది.

మొదట అడగవలసినది, రాసిన వ్యక్తి అక్కడికి వెళ్లాడా అన్నది. ఈ ప్రశ్న కొత్తది కాదు. 14వ శతాబ్దపు మహాయాత్రికుడు ఇబ్న్ బతూతా గ్రంథంలో సైతం డమాస్కస్ వర్ణన వంటి కొన్ని భాగాలు అంతకు పూర్వికుడైన ఇబ్న్ జుబైర్ రచననుండి తీసుకున్నవేనని పండితులు నిరూపించారు. అంతటివాని గ్రంథమే అలా ఉంటే, పార్కువారి ప్రకటన పత్రాన్ని ఎత్తిరాసే నేటి సంకలనకర్తల సంగతి చెప్పాలా? దీనికి భిన్నమైన ఉదాహరణ మన తెలుగులోనే ఉంది. 1830లో ఏనుగుల వీరాస్వామి మద్రాసునుండి తిరుపతి, కడపల మీదుగా కాశీకి వెళ్లి, మరుసటి ఏడు తిరిగివచ్చారు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో ఏ మజిలీలో నీరు దొరుకుతుంది, ఎక్కడ అంగళ్లు ఉన్నాయి, దారి ఎలాంటిది అన్న వివరాలు అడుగడుగునా కనిపిస్తాయి. వెనుక వచ్చేవాడు ఇబ్బంది పడకూడదన్న తపన అది. మేము గైడు పుస్తకంలో వెదకేది ఆ తపననే.

రెండవది కాలం. ముద్రణ సంవత్సరం కనిపించకపోయినా మన ప్రాంతపు పుస్తకాలకు ఒక సులువైన పరీక్ష ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. తలకోన, చంద్రగిరి, శ్రీకాళహస్తి తిరుపతి జిల్లాలో చేరాయి, హార్స్‌లీ హిల్స్ అన్నమయ్య జిల్లాలో చేరింది. వాటిని ఇంకా చిత్తూరు జిల్లాలోనే చూపే పుస్తకంలో టిక్కెట్టు ధరలు, వేళలు కూడా పాతవేనని అనుమానించాలి.

దూరాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఏ పుస్తకమైనా పార్కు దూరాన్ని దాని పక్కనున్న మహానగరంనుండి కొలుస్తుంది, మన గడపనుండి కాదు. బిడదిలోని వండర్‌లా బెంగళూరుకు 28 కిలోమీటర్లే అని రాస్తారు. కాని అది మైసూరు రోడ్డు మీద ఉంది. కోలారు, హొసకోట మీదుగా తూర్పునుండి వచ్చే చిత్తూరు కుటుంబం ఊరంతా దాటి అవతలికి పోవాలి. చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డులోని వీజీపీ, ఎంజీఎం పార్కులదీ ఇదే వరస. వాయవ్యంనుండి వచ్చే తిరుపతి వారికి అవి నగరానికి ఆవలి కొసన ఉన్నాయి. బెంగళూరు–చెన్నై రహదారి మీద, పూందమల్లికి ఇవతలే ఉన్న క్వీన్స్‌లాండ్ మాత్రం రాణిపేట మీదుగా వెళ్లే మన దారిలోనే తగులుతుంది. ఈ ఒక్క తేడా వృద్ధులకు, పసివారికి రెండు మూడు గంటల అలసటను తగ్గిస్తుంది. దీనిని చెప్పిన పుస్తకం మాకు ఇంతవరకు కనబడలేదు. పటం పరచుకుని మేమే చూసుకున్నాము.

అమెరికాలోని బంధువు ఒకరు ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ గురించిన రెండు పుస్తకాలు పంపారు. బర్న్‌బామ్ గైడు ఆ సంస్థ ఆమోదంతో వచ్చే అధికారిక గ్రంథం. 1985లో బాబ్ సెలింజర్ ప్రారంభించిన 'అనఫీషియల్ గైడ్' సంస్థతో సంబంధం లేని స్వతంత్ర గ్రంథం. మొదటిది కళ్లకు ఇంపుగా ఉంది. రెండవదానిలో బొమ్మలు తక్కువ, మందలింపులు ఎక్కువ. ప్రతి ఆటనూ పసివారికి, బడిపిల్లలకు, యువకులకు, వృద్ధులకు విడివిడిగా తూచి చెబుతుంది, ఏ వేళ ఏ వరుసలో నిలబడకూడదో హెచ్చరిస్తుంది. ఫ్లోరిడాకు మేము ఎలాగూ వెళ్లబోము. అయినా ఆ పుస్తకం చూశాక, ఫలానాది మీకు తగదు అని ఒక్కచోటా చెప్పని గైడును మేము కొనడం మానేశాము.

మన ఇళ్లకు ప్రత్యేకమైన అవసరాలను మాత్రం ఏ పుస్తకమూ తీర్చదు. పార్కులో గడిపే వేళల్లోనే జుహర్, అసర్ నమాజులు వస్తాయి. బెంగళూరు దూరం హనఫీలు సాధారణంగా పరిగణించే 48 మైళ్లను మించినది గనుక ఖస్ర్ సౌకర్యం ఉంది. కాని రెండు రకాతులకైనా శుభ్రమైన చోటు, వుజూకు నీరు కావాలి. పూర్తిగా కప్పే ఈత దుస్తులను అనుమతిస్తారా, మాంసం హలాలేనా, ఇంటి భోజనం లోపలికి రానిస్తారా అన్నవి ముందురోజు ఫోనులో అడిగి తెలుసుకోవలసినవే. మా పెద్దమ్మాయి ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి పెడుతోంది. మాంసం గురించి సరైన జవాబు రాకపోతే ఎదురుగా 'శాకాహారం' అని రాసుకుంటుంది. పక్కింటి వారు ఇప్పటికే రెండుసార్లు ఆ పుస్తకాన్ని అరువు తీసుకున్నారు.

ఈ ఏడు ఎక్కడికన్నది అమ్మీని అడిగాము. తిరుపతిలో అలిపిరి దారిలోని సైన్సు సెంటరు, మరునాడు పొద్దుటి చల్లదనంలో జంతుప్రదర్శనశాల అని ఆమె తేల్చింది. పెద్ద పార్కు వచ్చే ఏటికి వాయిదా పడింది. తలుపు పక్కన గోడ మీద పెన్సిలు గీతల ప్రకారం చిన్నవాడు ఇంకా రెండంగుళాలు పెరగాలి.