రూబులు రాని నాడు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలు నైజాము రాజ్యపు నల్లగొండ సీమలో నుండిన కాలమున, 1889లో దక్షిణ రష్యానుండి అబ్రహాం ఫ్రీసెన్ అను మెన్నొనైటు క్రైస్తవశాఖ మిషనరీ సతీసమేతుడై వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషనుతో గూడి నల్లగొండ కేంద్రముగా పనిచేసెను. పిమ్మట అదే శాఖకు చెందిన హ్యూబర్టు అను మిషనరీ సూర్యాపేటలో నిలిచెను. వీరికి ముఖ్యాధారము నాటి దక్షిణ రష్యాలోని ఉక్రెయిన్ మైదానములలో గోధుమ పండించు స్వజన రైతుల కానుకలు. ఆ రూబులు ఆంగ్లేయ ప్రభుత్వపు కల్దారు రూపాయలై, మరల నైజాము నాణెమగు హాలీసిక్కాగా మారినగాని ఇచటి ఉపదేశకుల జీతములకు, బడిపిల్లల గ్రాసమునకు అక్కరకు రావు. రూబులు మారకపు ధర దిగజారినపుడెల్ల చేతికందు సొమ్ము తగ్గును. 1914 యుద్ధము ఆ కానుకల దారి మూసెను. రష్యాలో 1917 విప్లవానంతరము దాతల ఆస్తులే హరించిపోయెను. 1921-22 కరవులో ఆ దాతలే అమెరికావారి రొట్టెకై చేయిచాచిరి. ఇచ్చువారిని నిందింపజాలక, నమ్మివచ్చినవారిని విడువజాలక పరదేశమున ఈ మిషనరీలనుభవించిన వేదన మన చరిత్రలలో తగినంతగా వ్రాయబడలేదని నా అభిప్రాయము. తుదకు అమెరికా బాప్టిస్టులే ఆదుకొనిరి.