ఎత్తుబండ్లు – వానిలోని చూపు, చోటు

మన సంఘసభ్యులలో పలువురు ఇటీవల ఎస్.యు.వి. అను పేరుగల ఎత్తైన మోటారు బండ్లను కొనుచున్నారు. కొనదలచినవారు నన్ను కలిసినపుడు అడుగు ప్రశ్న ఒక్కటే: "ఏ బండి మంచిదండీ?" ఇంజను బలమును, మైలేజిని, నెలసరి వాయిదాను గూర్చి అమ్మువారు చెప్పినదెల్ల వినియే వచ్చెదరు. లోపల కూర్చున్నవానికి బండిచుట్టు నేల ఎంత కనుపించును, ఏడు సీట్లని చెప్పిన చోట ఏడుగురు నిజముగా కూర్చుండగలరా, అని విచారించినవారు మిక్కిలి అరుదు. పట్టణమునందు ఇవి సౌకర్యమునకు సంబంధించిన మాటలు కావచ్చును. మన కట్లు గాదు. మన బండ్లు కళ్లమునకు పోవును. ఇంటి వాకిట వెనుకకు నడచును. కోతలకాలమున రోడ్డుమీద ఆరబోసిన ధాన్యము ప్రక్కగను, రాసికి కావలి పరున్నవారి ప్రక్కగను పోవును.

గత రబీ కోతలలో ఒక గ్రామమున నేను కన్నులార చూచిన సంగతి చెప్పెదను. కళ్లములో నిలిపిన క్రొత్త బండిని యజమాని వెనుకకు తీయుచుండెను. నాలుగైదేండ్ల పిల్లవాడొకడు దాని వెనుక గొంతుక కూర్చుండి రాలిన గింజల నేరుకొనుచుండెను. చెరుగుచున్న ముసలమ్మ చేట పారవైచి కేకవేసి, వాని రెక్కపట్టి యీడ్చినందున గండము గడచినది. యజమాని దిగి వణకుచు, "అద్దములో ఎవరును లేరండీ" అనెను. అతడు చెప్పినది నిజమే. నేనును ఆ సీటులో కూర్చుండి చూచితిని. ఆ పిల్లవాడు కూర్చున్న తావు ఏ అద్దములోను కనబడలేదు.

ఈ జాతి బండ్లన్నిటికి మూలము జీపు. అది 1941లో అమెరికా సైన్యము కొఱకు తయారై, యుద్ధము ముగిసిన పిమ్మట పొలములలోనికి వచ్చినది. బ్రిటను దేశమున రోవరు కంపెనీ ఇంజనీరగు మారిస్ విల్క్సు, ఆంగ్లసీ ద్వీపమందలి తన పొలములో అట్టి జీపును వాడుచు, దానిని చూచియే లాండ్ రోవరును కల్పించెను. 1948 ఏప్రిలులో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనమున అది వెలువడెను. ఉక్కు కఱవైన కాలమగుటచే పై రేకులను అల్యూమినియము మిశ్రలోహముతో చేసిరి. ముందువెనుక చక్రముల నడిమి దూరము 80 అంగుళములు; జీపునకును అంతే. ఇంజను బలముతో ఇతర యంత్రములను త్రిప్పుకొను ఏర్పాటుకూడ నుండుటచే అది రైతు కొఱకే పుట్టిన బండి యనవచ్చును. మన దేశమున మహీంద్రావారు స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలోనే జీపుల కూర్పును చేపట్టిరి. నేటి బోలెరో, థార్ బండ్లు ఆ వంశములోనివే.

ఆ పాతబండ్లలో మెత్తని సీటు లేదు, చల్లనిగాలి లేదు. గతుకులలో నడుము విఱిగినంత పనియగును. అయినను కూర్చున్నవానికి బండి మూలలు తెలియుచుండెను. బానెట్టు పల్లముగను చదునుగను, అద్దము నిటారుగను, దాని కిరుప్రక్కల కమ్మలు సన్నముగను ఉండుటయే అందుకు కారణము. తరువాతివారు అందము కొఱకును, సింహము వంటి ముఖము కొఱకును బానెట్టును పెంచుచు వచ్చిరి. అమెరికాలో రహదారి భద్రతను పరిశోధించు బీమా సంస్థవారు 2025లో కొన్ని బండ్ల పాత, క్రొత్త నమూనాలను కొలిచి చూచిరి. హోండా సి.ఆర్.వి. 1997 నమూనాలో డ్రైవరునకు బండిముందు 10 మీటర్ల లోపలి నేలలో నూటికి 68 పాళ్లు కనబడగా, 2022 నమూనాలో 28 పాళ్లే కనబడినవి. షెవర్లే సబర్బను 2000 నమూనాలో 56 పాళ్లు కనబడగా, 2023 నమూనాలో అదియు 28 పాళ్లకే దిగినది. పల్లపు కారులలో మాత్రము అంత భేదము లేదు.

ఎత్తున కూర్చున్నవానికి ఎక్కువ కనుపించునని అందఱి నమ్మిక. దూరపు చూపునకది నిజమే. దగ్గఱి నేల విషయమున కన్నెంత ఎత్తున నున్నదో చూచుట చాలదు, బానెట్టు ఎంత ఎత్తున నున్నదో కూడ చూడవలయును. లెక్క చూడుడు. నేలనుండి కన్ను 5 అడుగుల ఎత్తున నున్నదనుకొందము. కంటికి 6 అడుగుల ముందు బానెట్టు కొస యున్నది. ఆ కొస 3 అడుగుల ఎత్తున నున్నచో, చూపు ప్రతి 6 అడుగులకు 2 అడుగులు దిగును. కంటికి 15 అడుగుల దూరమున, అనగా బానెట్టునకు 9 అడుగుల ముందు, నేలను తాకును. అదే కొస 4 అడుగుల ఎత్తైనచో చూపు 6 అడుగులకు ఒక్క అడుగే దిగును. కంటికి 30 అడుగుల దూరమున, అనగా బానెట్టునకు 24 అడుగుల ముందుగాని నేల కనబడదు. కన్ను కదలలేదు. బానెట్టు ఒక్క అడుగు పెరిగినందుకు 15 అడుగుల నేల మఱుగైనది. 3 అడుగుల బిడ్డ మొదటి బండిని ఆనుకొని నిలిచినను నడినెత్తి చూపునకు తగులును. రెండవదాని ముందు 6 అడుగులు దూరము జరిగినగాని ఆ నెత్తియైనను కనబడదు. ఎత్తుబానెట్టుతో మఱియొక చిక్కు గలదు: తగిలినపుడు మనిషిని కాళ్లకడ గాక రొమ్మునకో తలకో కొట్టును. పై సంస్థవారే 2023లో ప్రకటించిన దానినిబట్టి, 40 అంగుళములకు మించిన ఎత్తు బానెట్టు గల బండ్లు, 30 అంగుళములకు మించక వాలుగా నున్నవానికంటె, కాలినడకవారి ప్రాణము తీయుటకు నూటికి 45 పాళ్లు ఎక్కువ అవకాశము గలవి.

అద్దము ప్రక్కనుండు కమ్మల మాట. బండి దొర్లినపుడు కప్పు నలిగిపోకుండుటకు వీనిని లావు చేసిరి. ఇది మన మేలుకే గనుక నిందింపరాదు. కాని వేదములోని కంటి దూలపు మాట చదివినవారికి ఇచ్చట నిజమైన దూలమే కన్నులయెదుట నిలుచును. కంటికి 30 అంగుళముల దూరమునందున్న 4 అంగుళముల కమ్మ, 30 అడుగుల దూరమున ఒక కంటికి 4 అడుగుల వెడల్పు మఱుగుచేయును. రెండు కన్నులు కలిసి చూచుటచే అది ఇంచుమించు 20 అంగుళములకు తగ్గును. సైకిలుమీద ఎదురువచ్చువాడు దాగుటకు ఆ పాటి చాలును. మలుపులో మనము తిరుగుచుండగా అతడును కదలుచు ఆ నీడలోనే యుండవచ్చును. మెడ ముందునకు చాచి, ప్రక్కకు వంగి చూచు నలవాటు చేసికొనవలయును. బండి కొనకముందు కుడికమ్మను మీ సొంత కన్నుతో చూడుడు. మీ పొడవునకు తగినట్లు సీటును సవరించుకొన్న తరువాతనే చూడుడు.

వెనుకచూపు అన్నిటికంటె పాడైనది. అద్దము కురుచై, కిటికీ అంచు ఎత్తై, వెనుకసీట్ల తలగడలు అడ్డుపడి, మిగిలిన కొంచెమును తలుపునకు తగిలించిన అదనపు చక్రము మ్రింగును. మన దేశమున 2019 జూలై నుండి క్రొత్త కారులకు వెనుక అడ్డమును తెలుపు సెన్సారు నిర్బంధము. అమెరికాలో 2018 మే నుండి కెమెరాయే నిర్బంధము. కెమెరా మేలైనది, అదనపు సొమ్ము పెట్టవలసివచ్చినచో పాటలపెట్టెను మాని దీనికి పెట్టుడు. అయితే దమ్ముచేలలో తిరిగివచ్చిన బండి కెమెరాకు బురద మెత్తుకొనియుండును. సెన్సారు గోడను చూచి కూయును గాని, నేలబారున పరున్న మనిషిని పసికట్టునని నమ్ముటకు వీలులేదు.

ఇక లోపలి చోటు. బోలెరో పొడవు 3,995 మిల్లీమీటర్లు, వెడల్పు 1,745, చక్రముల నడిమి దూరము 2,680. స్కార్పియో-ఎన్ పొడవు 4,662, వెడల్పు 1,917, నడిమి దూరము 2,750. పొడవులో 667 మిల్లీమీటర్ల భేదముండగా, చక్రముల నడుమ పెరిగినది 70 మాత్రమే. తక్కినది ముక్కునకును తోకకును పోయినది. మూడవ వరుసను నిలిపినయెడల స్కార్పియో-ఎన్ వెనుక రెండు సంచులు పెట్టుటయే కష్టము. వెడల్పున పెరిగిన 172 మిల్లీమీటర్లు భుజములకు సుఖమేగాని, మన సందులలో ఎదురుగా ఎడ్లబండి వచ్చినపుడు దాని విలువ తెలియును.

బోలెరో పొడవు 4 మీటర్లకు అయిదు మిల్లీమీటర్లు తక్కువగా నుండుట యాదృచ్ఛికము గాదు. 2006 బడ్జెటులో 4 మీటర్లు మించని, చిన్న ఇంజను గల కారులకు పన్ను తగ్గించిరి. 2025 సెప్టెంబరులో జి.ఎస్.టి.ని మార్చినపుడును ఆ హద్దు నట్లే యుంచి, లోపలివానికి నూటికి 18, పెద్దవానికి 40 చేసిరి. బోలెరోను 2016లో కురుచచేసినది ఈ హద్దు కొఱకే. దాని వెనుక వరుసవారు ఎదురెదురుగా ప్రక్కవాటు సీట్లలో కూర్చుందురు. సంతకు పోవుటకు పరవాలేదు. బండి గట్టిగా ఆగినపుడు మాత్రము అట్లు కూర్చున్నవాడు ప్రక్కకు విసరబడును. పిల్లలను, వృద్ధులను ఆ సీట్లలో కూర్చుండబెట్టుట నాకు సమ్మతము గాదు.

కప్పు ఎత్తుగా నున్నదని తలకు చోటున్నదనుకొనకుడు. ఈ రెండు బండ్లకును అడుగున ఎడ్లబండి నొగలవలె రెండు నిలువు దూలముల చట్రముండి, దానిమీద పెట్టె నిలిపిరి. కనుక నేలయే ఎత్తైనది. మోకాళ్లనొప్పుల వారు ఎక్కుట కష్టము. చట్రము లేక పెట్టెయే చట్రమైన క్రేటా వంటివి పల్లముగనుండి ఎక్కుటకు సులువు; తారురోడ్డుమీద ఆసుపత్రికిని బడికిని తిరుగువారికి అవియే చాలును. ఏ బండియైనను పురుగుమందు డబ్బాలను మనుష్యులతోపాటు లోపల పెట్టుకొని రావలదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినను నాకు విసుగులేదు.

నా మట్టుకు, కళ్లములో తిరుగు బండికి చదరపు ఆకారము, పల్లపు బానెట్టు, నిలువు అద్దములు మేలని తోచును. దీనికొక ప్రతిబంధకము గలదు. చూపునకు మేలైనది ప్రమాదమున గట్టిదని చెప్పజాలము. గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి తాకిడి పరీక్షలో స్కార్పియో-ఎన్ 2022లో పెద్దవారి రక్షణకు 5 నక్షత్రములు పొందగా, బోలెరో నియో 2024లో ఒక్కటే పొందినది. హైదరాబాదు రహదారిమీద వారమునకు రెండుసార్లు పోవువారికి నా సలహా వేఱుగా నుండును.

కొనకముందు ఒక పరీక్ష చేయుడు. బండిని చదును నేలపై నిలిపి, నడుపువారు సీటులో కూర్చుండవలయును. 3 అడుగుల కఱ్ఱకు ఎఱ్ఱగుడ్డ కట్టి, మఱియొకరు దానిని బానెట్టునకు ఆనించి నిలువబెట్టి, గుడ్డ కనబడువఱకు దూరము జరుగుచు పోయి అడుగులు కొలువవలయును. వెనుకకును, ఇరుప్రక్కలకును అట్లే, కెమెరా నార్పి ఒకసారి, వెలిగించి ఒకసారి. పిమ్మట ఇంటిలో అందఱికంటె పొడుగువానిని ముందు సీటులో కూర్చుండబెట్టి, వాని వెనుక రెండవవానిని, ఆ వెనుక మూడవవానిని కూర్చుండబెట్టి, 45 కిలోల యూరియా బస్తా నొకదానిని వెనుక నెత్తి చూడుడు. అమ్మువారు నవ్వుదురు, నవ్వనిండు. ఇట్లు రెండు మూడు బండ్ల కొలతలు వ్రాసికొని తెచ్చినవారికి వానిని పోల్చి చూపుటకు సంతనాడు మధ్యాహ్నము వఱకు నేను సంఘ కార్యాలయముననే యుందును. కఱ్ఱయు, కొలత టేపును అచ్చటనే దొరకును.