ఒక్క మాట... ఐదు మార్కులు

2024 మే నెలాఖర్లో మా బాబాయి బిడ్డ నాకు ఫోన్ చేసింది. వాళ్లది బోధన్ దగ్గర ఊరు. నేను హైదరాబాద్‌లో ఆఫీస్ కాల్‌లో ఉన్నా. "అన్నా, నీట్ కీ వచ్చింది. ఫిజిక్స్‌ల ఒకటి నాది తప్పన్నరు. నేను బుక్కుల ఉన్నదే పెట్టిన!" అంది. వెంటనే వాట్సాప్‌లో పేజీ ఫొటో కూడా పంపింది.

నీట్ ఫాలో అయినవాళ్లకు ఆ ప్రశ్న గుర్తుండే ఉంటుంది. పరమాణువు గురించి రెండు వాక్యాలు ఇచ్చారు. పరమాణువుకు విద్యుత్ పరంగా ఏ ఆవేశమూ ఉండదన్నది మొదటిది. అందులో గొడవ లేదు. ప్రతి మూలకం పరమాణువులూ స్థిరంగా ఉంటాయి, తమ ప్రత్యేక వర్ణపటాన్ని ఇస్తాయి అన్నది రెండోది. చెల్లె రెండూ కరెక్టే అని ఆప్షన్ 2 పెట్టింది. కీలో మాత్రం 4 ఉంది, అంటే మొదటిది కరెక్ట్, రెండోది తప్పు.

ఫొటో జూమ్ చేసి చూశా. నిజమే, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆమె చెప్పినట్టే ఉంది. కొత్త ఎడిషన్ పీడీఎఫ్ తెరిస్తే అదే వాక్యంలో ఒక్క మాట మారింది. 'ప్రతి మూలకం' పోయి 'చాలా మూలకాలు' అయింది. సైన్స్ ప్రకారం కొత్తదే కరెక్ట్. యురేనియం, రేడియం లాంటి వాటి పరమాణువులు స్థిరంగా ఉండవు కదా.

మరి పాత పుస్తకం ఎందుకు చదివింది? మన దగ్గర ఇంటర్‌లో చదివేది తెలుగు అకాడమీ పుస్తకాలు. నీట్ కోసం ఎన్‌సీఈఆర్‌టీ విడిగా కొనుక్కోవాలి. బాబాయి శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్‌లో పనిచేసేవాడు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఉన్న రెండెకరాలే ఆధారం. చెరుకు పోయి వరి వచ్చింది. కోచింగ్ ఫీజు కట్టేసరికే తలప్రాణం తోకకొచ్చింది. అందుకే పుస్తకాలు నిజామాబాద్‌లో ఒక సీనియర్ అక్క దగ్గర తెచ్చుకుంది.

నా ఫీల్డ్‌లో ఒక చిన్న మాట మార్చినా వెర్షన్ నంబర్ వేస్తాం, ఏం మారిందో రాస్తాం. పుస్తకంలో మాట మారితే పాతది చదివేవాళ్లకు ఎవరు చెబుతారు?

ఆన్‌లైన్‌లో అభ్యంతరం పెట్టాం. ప్రశ్నకు 200 రూపాయలు, తిరిగి రావు. మేమొక్కళ్లమే అనుకున్నా, కానీ ఈ ఒక్క ప్రశ్న మీదే 13,373 అభ్యంతరాలు వచ్చాయని తర్వాత తెలిసింది. జూన్ 4న ఫలితాలొచ్చాయి. ఎన్‌టీఏ 2, 4 రెండింటికీ మార్కులిచ్చింది. "అన్నా, గెల్సినం!" అని చెల్లె అరిచిన అరుపు నాకింకా చెవుల్లోనే ఉంది.

కానీ ఆ ఏడాది 67 మందికి 720కి 720 వచ్చాయి. వాళ్లలో 44 మందికి కలిసొచ్చింది ఈ ప్రశ్నే. పేపర్ లీక్, గ్రేస్ మార్కుల గొడవలతో పాటు ఇదీ సుప్రీంకోర్టుకెక్కింది. ఒక ప్రశ్నకు రెండు సరైన జవాబులు ఎట్లా ఉంటాయన్నది వాదన. ముగ్గురు నిపుణులతో కమిటీ వేసి, మర్నాడు మధ్యాహ్నానికల్లా చెప్పమని జులై 22న కోర్టు ఐఐటీ ఢిల్లీ డైరెక్టర్‌ను అడిగింది. వాళ్లు చెప్పిన జవాబు 4. ఆప్షన్ 2 పెట్టినవాళ్లు 4 లక్షలకు పైనే. వచ్చిన నాలుగు మార్కులూ పోయాయి, నెగెటివ్ కింద ఇంకొకటి పోయింది. మొత్తం ఐదు. జులై 26న సవరించిన ఫలితాల్లో ఫుల్ మార్కుల వాళ్లు 17 మందే మిగిలారు.

నిజం చెప్పాలంటే కోర్టును తప్పుపట్టలేను. కొత్త సిలబస్ పుస్తకమే చదవమని ముందే చెప్పారు, జవాబూ అదే. రేపు డాక్టర్ అయ్యేవాళ్లు పాత పుస్తకంలో ఉందని పాత మందు రాయలేరు కదా. అయినా ఆ ఐదు మార్కుల బరువు ఎక్కువగా సెకండ్ హ్యాండ్ పుస్తకాల మీద చదివినవాళ్ల మీదే పడిందని నా అనుమానం. నీట్‌లో ఐదు మార్కులంటే ర్యాంకు వేలల్లో జారుతుంది.

ఇంకో మాట. నీట్‌లో కనీసం కీ ఇచ్చారు కాబట్టి కొట్లాడాం. మా వైపు నుంచి ఫిలిప్పీన్స్, జార్జియా పోయి ఎంబీబీఎస్ చదివినోళ్లున్నారు. ఇక్కడ లైసెన్స్ కావాలంటే వాళ్లు ఎఫ్‌ఎంజీఈ రాయాలి. 300కి 150 రావాలి. ఆ పరీక్షకు పేపరూ బయటకు రాదు, కీ కూడా రాదు. తప్పు ప్రశ్న ఉంటే నిపుణులే లోపల చూసుకుంటారు. 149 దగ్గర ఆగినోడు దేని మీద అభ్యంతరం పెట్టాలి?

చెల్లెకు ఆ ఏడాది సీటు రాలేదు. ఐదు మార్కుల వల్లేనా అంటే చెప్పలేను, ఆమె కూడా అట్లా అనదు. మళ్లీ రాస్తానని లాంగ్ టర్మ్‌లో చేరింది. నేను కొత్త సెట్ కొనిచ్చా. పాతవి పక్క వీధి అమ్మాయి అడిగితే ఇచ్చేముందు ఫిజిక్స్ పుస్తకంలో ఆ పేజీ తీసింది. 'ప్రతి' అని ఉన్న చోట పెన్సిల్‌తో కొట్టేసి, పైన కొత్త మాట రాసింది.